పెద్దింటి పాటకు ముగ్గురు వారసులు

శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో అందరికంటే ముందు తలుపు తీసేది నేనే. మా వీధికి శుక్రవారమంటే నగలు కొనే రోజు. నాకు కొత్త పాటలు వచ్చే రోజు. ఎవరు ఎక్కడ పాట కట్టినా శుక్రవారమే బయటికి వదలాలని వాళ్లలో వాళ్లకు ఏదో కట్టుబాటు ఉన్నట్టుంది. సినిమాలతో పని లేకుండా, పెద్ద కంపెనీల దయ అడగకుండా, నలుగురు చేరి గిటార్లూ డ్రమ్ములూ పట్టుకుని తమ పాట తామే రికార్డు చేసుకుని వదిలే బృందాలున్నాయి. వాళ్ల సంగీతాన్ని ఇండీ రాక్ అంటారు. ఎవరి దయా అడగకపోవడం నాకు నచ్చే గుణం. అందుకే మొదట వాళ్ల పాటలు వింటాను, తర్వాత జానపదాలు. మొదటి గిరాకీ వచ్చేలోపల ఆ వారం వచ్చినవాటిలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో నాకు తెలిసిపోతుంది.

నాది ఒకప్పుడు క్యాసెట్ల అంగడి. ఇప్పుడు ఇయర్‌ఫోన్లు, చార్జర్లు, ఫోన్ల వెనక తొడిగే కవర్లు అమ్ముతాను. నేను బోర్డు మార్చినా జనం పిలుపు మార్చలేదు. క్యాసెట్లాయన అనే అంటారు. మాది జమ్మలమడుగు పక్క పల్లె, అక్కడ మాది పెద్దిల్లు. మా తాత కాలంలో ఊరి తగాదాలన్నీ మా అరుగు మీద తీరేవి. మా నాయన కాలానికి తగాదాలన్నీ మావే అయ్యాయి, అన్నదమ్ముల మధ్య. కోర్టులు కొంత, ఎండిన బోర్లు కొంత తినేశాక ఇల్లు కూడా చేతులు మారి సిమెంటు మూటల గోదాము అయింది. నేను ప్రొద్దుటూరు వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. మా వంశంలో అలా కూర్చున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి. అయినా బేరం ఆడనిచ్చేవాణ్ణి కాను. నాకు నచ్చని క్యాసెట్ అడిగితే, ఉన్నా లేదనేవాణ్ణి. "ఆయప్ప అమ్మడు, దయచేస్తాడు" అని జనం నవ్వుకునేవారు. అందులో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

పాటల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి. గొంతును వెనక్కి నెట్టి గిటారును ముందుకు తేవడం ఈ మధ్య ఇండీ రాక్‌కు పట్టిన జబ్బు. పాడేవాడు గోడ అవతల నుంచి పాడుతున్నట్టుంటుంది. ఇక వాన మీద దిగులుపాట కట్టని బృందం లేదు. వాళ్లెవరికీ వాన కొరత లేదని వింటేనే తెలుస్తుంది. మా సీమవాడు వాన మీద పాట కడితే అందులో దిగులుకు చోటెక్కడుంటుంది? జానపదాలది ఇంకో కథ. పల్లెపాటను పట్టుకొచ్చి, అడుగున కీబోర్డు పరిచి, దానికి పట్టుబట్టలు కట్టించి ఫొటోకు నిలబెడతారు. పాట ఊపిరాడక చూస్తూ ఉంటుంది.

ఈ మాటలు ఓపిగ్గా వినేవాళ్లు నాకు ఇద్దరే ఇద్దరు. ఒకడు రెండు వీధులవతల బట్టల అంగడి వాళ్లబ్బాయి. బట్ట చింపే చప్పుడు తప్ప వేరే సంగీతం లేని ఇంట్లో పుట్టి గిటారు నేర్చాడు. నన్ను మామా అంటాడు. రెండోది వేముల దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివింది, పాడుతుంది. నన్ను పెదనాయనా అంటుంది. చదువుకున్నచోటి స్నేహితులను కలుపుకుని వాళ్లొక బృందం కట్టారు. మొదటి ఆల్బమ్ తయారవుతోంది. ఆ పిల్ల తాత, ఆమె మాటల్లో జేజినాయన, చెక్కభజన గురువు. కంచు బిళ్లలు బిగించిన చెక్కలు చేతుల్లో పట్టుకుని మగవాళ్లు వలయంగా అడుగులేస్తూ పాడే భజన అది. మా జిల్లాలో చెక్కభజన చూడకుండా పెరిగినవాడు ఉండడు. తాత పాటలనే ఆమె గిటార్లతో కలిపి పాడుతోంది.

విడుదలకు ఒక వారం ముందు, ఇద్దరూ మొదటి పాట తెచ్చి నాకు వినిపించారు. మొదట చెక్కలు మోగాయి. వాటి కిందనుంచి గిటారు నెమ్మదిగా, ఎవరినీ తోసుకోకుండా వచ్చింది. బాగుంది అనబోతున్నాను. అంతలో ఆ పిల్ల గొంతు ఎత్తుకుంది.

"కరువొచ్చి తలవంచి మళ్లిందెక్కడ?"

నేను లేచి నిలబడ్డాను. అది మా ఇంటి పాట. నా చిన్నప్పుడు ఏటా శ్రీరామనవమికి చెక్కభజన మేళం మా వాకిట్లోకి వచ్చి మొదట పాడేది అదే. ఫలానా వారింటి గడప ముందర అని తర్వాతి వరస. ఆ ఫలానా మేమే. మా ఇంటిపేరు వచ్చినచోట మేళం మొత్తం ఒక్కసారి గిర్రున తిరిగి, మా అరుగు వైపు నడుము వంచి, చెక్కలు తల మీదికెత్తి కొట్టేది. మా తాత మీసం కొంచెం కదిలేది, అంతే. నేను ఆయన పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. కరువు నిజంగా మా గడప ముందు తల వంచిందో లేదో నాకు తెలియదు. పాటలో మాత్రం వంచింది. పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. ఆ వరసను మాత్రం ఎవరూ వేలం వేయలేదు, ఏ దాయాదీ వాటా అడగలేదు. అదొక్కటీ నాది.

ఆ చోటు వచ్చేసరికి రికార్డులో పేరు లేదు. ఊరికే హమ్మింగ్ ఉంది.

"ఈడ పేరుండాల," అన్నాను.

"ఏం పేరు పెదనాయనా?"

"మాది. ఇది మా యింటి పాట."

పిల్ల గిటారబ్బాయి వైపు చూసింది. "ఆడ ఏం పాడాల్నో మా జేజినాయనను అడుగుదామని వదిలేసినాం. ఆయప్ప గొర్రెలెంబడి పోయి ఫోను ఎత్తలే."

"ఎవర్నీ అడిగే పన్లే. నేను చెప్తాండా గదా."

"మీ ఇంటిపేరు తాళానికి సరిపోతాదా మామా?" అన్నాడు అబ్బాయి.

"సరిపోయేదేంది? మా పేరుకు కొలత తీసుకొని పాట కట్టినారు."

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే సొంత డప్పు కొట్టుకున్నట్టుంటుంది. ఆ పిల్ల అక్కడికక్కడే పాడి చూసింది. అచ్చంగా సరిపోయింది. అదే రోజు పేరు చేర్చి రికార్డు చేశారు, విడుదల ప్రకటన కోసం ఆ రెండు వరసల వరకు ముక్క తీసి ఫోన్లలోకి వదిలారు. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పను.

ఆ ముక్క నాకంటే వేగంగా జిల్లా తిరిగింది. మూడో రోజు, పిల్లలిద్దరూ నా దగ్గర ఉండగానే, అంగడి ముందు ఒక స్కూటరు ఆగింది. గంజి పెట్టిన తెల్లచొక్కా, భుజం మీద కండువా, చేతిలో గొడుగు. ఆయన పెండ్లిమర్రి దగ్గరి పల్లెలో ఒకప్పటి పెద్దింటి మనిషి అని తర్వాత తెలిసింది.

"క్యాసెట్లాయన నువ్వేనా?"

"కూర్చోండి."

"కూర్చునేదానికి రాలే. మా యింటి పాటలో మీ పేరెట్ల దూరిందప్పా?"

"మీ యింటి పాటా? ఏ యిల్లది?"

"పెండ్లిమర్రి కాడికి వచ్చి ఎవర్నన్నా అడుగు పో. కరువు తల వంచింది మా గడప ముందర."

"మీ కాడ వంచితే వంచిందిలే. ముందు మా కాడ వంచి, ఆ అలవాటుతో మీ కాడ వంచింటాది."

ఆయన తన ఇంటిపేరు పెట్టి ఆ వరస అక్కడే నిలబడి వల్లించాడు. నాకంటే పొడుగు పేరు. పరుగెత్తించి పాడితే అదీ సరిపోయింది. నాకు కొంచెం చెమట పట్టింది, కానీ ఫ్యాను వేయలేదు.

మా మాటలు తెగకముందే పులివెందుల నుంచి ఇంకొకాయన బస్సు దిగి వచ్చాడు. ఒకప్పుడు చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న ఇల్లు. ఇప్పుడు తోటలు వేరేవాళ్లవి. ఆయన చొక్కాకూ గంజి ఉంది. మా ఇద్దరి వాదనా చేతులు కట్టుకుని విన్నాడు.

"అయిపోయిందా? ఇద్దురిదీ తప్పే," అన్నాడు. ఆయనది పొట్టి పేరు. దాన్ని సాగదీసి, రాగం తీసి పాడాడు. మా అందరికంటే అదే బాగా సరిపోయింది.

గిటారబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మామా, నాలుగో ఆయప్ప వచ్చేలోపల పోయి గురువునే అడుగుదాం పాండి," అన్నాడు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "తగువు తెగకుంటే ఈ పాట ఆల్బమ్‌లో నుంచి తీసేస్తాం పెదనాయనా. మా జేజినాయన పాటతో మనుషులు కొట్లాడుకోవద్దు."

తీసేస్తే నా పేరూ పోతుంది. పోనివ్వకూడదని బయల్దేరాను.

అబ్బాయి తన నాయన కారు తెచ్చి తనే తోలాడు. ముందు సీటు కావాలని అడగడం మాకెవరికీ మర్యాద కాదు. వెనక మధ్యలో కూర్చోవడం అంతకంటే మర్యాద కాదు. కాసేపు ముగ్గురం కారు చుట్టూ నిలబడ్డాం. చివరికి ఆ పిల్ల వెళ్లి ముందు కూర్చుంది. నేను మధ్యలో కూర్చున్నాను, భుజాలు ఎవరికీ తగలకుండా. యర్రగుంట్ల దాటి, నాపరాళ్ల గుట్టలు దాటి, వేంపల్లె మీదుగా వేముల చేరేదాకా అలాగే ఉన్నాను. ముందు సీట్లో వాళ్లిద్దరూ ఒక బెంగుళూరు బృందం కొత్త ఆల్బమ్ పెట్టారు. మళ్లీ వాన పాటే.

గొర్రెలు మేతకు పోయి దొడ్డి ఖాళీగా ఉంది. గురువు చెట్లకు నీళ్లు కట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మా ముగ్గురినీ చూసి ముఖం విప్పారింది.

"మూడు పెద్దిండ్లు ఒగేసారి వచ్చినాయే! ఏం పండగ సామీ?"

మంచం వాల్చాడు. ముగ్గురం కూర్చున్నాం. నులక వదులైపోయి మమ్మల్ని మధ్యకు లాగుతోంది. నేను అంచు పట్టుకుని నిటారుగా ఉన్నాను.

పిల్ల ఫోనులో ముక్క వినిపించింది. గురువు తల ఊపుతూ విన్నాడు. "గిటారు శానా బాగుండాది," అన్నాడు.

"గిటారు సంగతి కాదప్పా," అన్నాడు పులివెందులాయన. "పాట ఎవరింటిది?"

"మీ యింటిదే సామీ."

"మరి మాది కాదా?" అన్నాను.

"మీదే సామీ."

పెండ్లిమర్రాయన దగ్గాడు.

"మీది గూడా," అన్నాడు గురువు.

"అందరిదీ ఎట్లయితాది?"

"ఎవరి వాకిట్లో పాడితే ఆ పూట వాళ్లది. పూట అయినాక మాతో తెచ్చుకుంటాం. ఆడనే వదిలిపెట్టి వస్తే రేపు ఇంకో ఊర్లో మేమేం పాడాల?"

"ఇది మీకోసమే కట్టినామని మా తాతతో చెప్పినారే!" అన్నాను.

"చెప్పింటాం. ఈయప్ప తాతతో చెప్పింటాం, ఆయప్ప నాయనతో చెప్పింటాం. పెద్దోళ్లు గదా, యినేదానికి బాగుంటాది. మీ యింట్లో పానకం శానా బాగుండేది సామీ."

"మా యింట్లో?" అన్నాడు పెండ్లిమర్రాయన, ఆపుకోలేక.

"మీ యింట్లో బొరుగులు. అయ్యో, ఆ బొరుగులు మళ్లా యాడ తింటిమి!"

పులివెందులాయన తన వంతు అడగలేదు. గురువే చెప్పాడు, వాళ్లింట్లో చీనీపండ్లని. మా ముగ్గురికీ కోపం రావలసిన చోట అది. కానీ ఆ మనిషి మమ్మల్ని మోసం చేసినట్టు లేడు, మర్యాద చేసినట్టున్నాడు. కోపం తెచ్చుకోవడానికి పట్టు దొరకలేదు.

నేను మంచం మీంచి లేచాను. "పదిమందితో పంచుకునేది మాకొద్దు. మా పేరు తీసేయమ్మా," అన్నాను.

"మాదెందుకు మరి? మాదీ వద్దు," అని పులివెందులాయన లేచాడు.

"మీరిద్దురూ వదిలేసింది నేను తీసుకుంటానా? ఏమనుకున్యారు మా యింటిని?" అని పెండ్లిమర్రాయన మా ఇద్దరికంటే గట్టిగా లేచాడు.

కొట్లాడి తెచ్చుకోవడానికి వచ్చిన పాటను ఎవరూ తీసుకునేవాళ్లు లేకుండా పోయారు. ఆ క్షణం నాకు బాగానే ఉంది. మా తాత ఉంటే మీసం కదిలించేవాడనిపించింది. మజ్జిగ ఇచ్చారు, తాగడానికి మళ్లీ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, చేతిలో చెంబు తప్ప ఇక నాదంటూ ఏదీ లేదని. అంత పుల్లటి మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు.

"ఇప్పుడు ఆడ ఏం పాడాల?" అంది పిల్ల. "శుక్రవారం విడుదల."

"హమ్మింగే ఉంచుదాం," అన్నాడు అబ్బాయి.

గురువు ఒప్పుకోలేదు. "పేరు లేకుంటే మనుషులు యాడ తిరగాల? పేరు కాడనే గదా తిరిగేది. ఎవరిదో ఒకరిది ఉండాల్సిందే."

"అయితే మన పేరు పెడదాం జేజినాయనా. కరువులో మందను అమ్ముకోకుండా నిలిచింది మనమే గదా."

ఆయన మొదట నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపాడు. "థూ! మన నోటితో మన పేరా? యిన్నోళ్లు ఏమనుకుంటారు? నా నోట్లో మనింటి పేరు ఎప్పుడన్నా వచ్చిందా?"

ఆ పిల్ల మా వైపు తిరిగింది. "మీ నోటితో పాడండి అయితే."

ముగ్గురం చెంబుల్లోకి చూశాం. "మా యింట్లో పాడేటోళ్లు లేరమ్మా," అన్నాడు పులివెందులాయన.

"అవును బిడ్డా, వీళ్లు కూర్చునేటోళ్లు," అన్నాడు గురువు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. ఆకాశం నీలం అన్నట్టు అన్నాడు. అందుకే నాకు తగిలింది. నిజమే, మేము కూర్చున్నాం. ఇన్ని తరాలు పాట మా ముందు నిలబడింది, మేము కూర్చునే ఉన్నాం. కూర్చోవడానికి అరుగు కూడా లేని ఈ రోజుల్లో నేనింకా ఎక్కడ కూర్చోవాలి?

"నేను పాడతా," అన్నాను.

"ఈయప్ప పాడితే నేనూ పాడతా," అన్నాడు పెండ్లిమర్రాయన. పులివెందులాయన గొంతు సవరించుకున్నాడు.

మరుసటి రోజు అబ్బాయి వాళ్ల బట్టల గోదాములో రికార్డింగు. నాలుగు పక్కలా తుండుగుడ్డల మూటలు, పంచెల మూటలు. గోడలకు తగిలి తిరిగొచ్చే చప్పుడంతా అవి మింగేస్తాయి. నా జన్మంతా గొంతులకు వంకలు పెడుతూ బతికాను. మైకు ముందు నోరు తెరవడం అదే మొదలు. గురువు మా చేతికి చెక్కలిచ్చి, తను ఎదురుగా ఒక మూట మీద కూర్చున్నాడు.

మొదటిసారి ఎవరం ఎవరి వెనకా పాడలేదు. ఒకరు అందుకున్నాక అందుకోవడం ముగ్గురికీ చిన్నతనం.

"మీరు ముగ్గురూ మూడు పాటలు పాడ్తాండారు మామా," అన్నాడు అబ్బాయి.

"నేను సరిగ్గానే పాడినా," అన్నాం ముగ్గురం. అది మాత్రం కలిసి వచ్చింది.

రెండోసారి, మూడోసారి కొంచెం దారికొచ్చాం. కానీ పేరు దగ్గర చెక్కదెబ్బ వెనకబడుతోంది.

"ఆడ వంగల్ల సామీ," అన్నాడు గురువు.

"వంగేది రికార్డులో కనపడతాదా?" అన్నాను.

"కనపడదు. నిలబడే కొడితే చెయ్యి పైకి పోయేదానికి ఆలస్యమైతాది. వంగితే దానంతటదే లేస్తాది. యిను."

అబ్బాయి మేము పాడింది వినిపించాడు. తర్వాత వేములలో ముందే రికార్డు చేసుకున్న గురువు మేళం పాట వినిపించాడు. నేను అంగడిలో కూర్చుని విన్నట్టే విన్నాను. వాళ్లది దెబ్బ. మాది తలుపు తట్టడం. ఇంకెవరైనా చెబితే కాదనేవాణ్ణి, నా చెవే చెప్పాక ఏం చేయను?

మళ్లీ ఎత్తుకున్నాం. కరువొచ్చి తలవంచి మళ్లిందెక్కడ అని ఆ పిల్ల అడిగింది. వేములలోని గొర్రెల ఇంటి పేరు నా నోటితో గట్టిగా పలికి, గిర్రున తిరిగి, ఎదురుగా ఉన్న మనిషి వైపు నడుము వంచాను. చెయ్యి దానంతటదే లేచింది. తల మీద చెక్క పలికింది.

గురువు మూట మీద కాలు మీద కాలు వేసుకున్నాడు. "బాగుంటాది సామీ, ఇట్ల కూర్చుని యినేది," అన్నాడు. "మీవాళ్లు మమ్మల్ని ఊరికే పిలిపించుకోలే."

శుక్రవారం వచ్చింది. ఆ వారం కొత్త పాటలు చాలానే దిగాయి. ఒక ఇండీ బృందం గొంతును ముందుకు తెచ్చి నన్ను ఆశ్చర్యపరిచింది. మావాళ్ల ఆల్బమ్ మొదటి పాట పెట్టాను. పిల్ల గొంతు, గిటారు, చెక్కలు. ఆ వరస రాగానే మూడు ముసలి గొంతులు బరబరమంటూ వచ్చిపడ్డాయి. ఆల్బమ్ మొత్తంలో తప్పు పట్టాలంటే పట్టవలసింది అక్కడే. వింటున్నవాళ్లు మాత్రం అక్కడే బాగుందని రాస్తున్నారట. పెండ్లిమర్రాయన ఫోన్ చేసి, తన గొంతు తగ్గించారని ఫిర్యాదు చేశాడు. తగ్గించలేదు, ఉన్నదే అంత అని చెప్పాను.

సాయంత్రం చార్జరు కోసం మా జమ్మలమడుగు వైపు మనిషి ఒకాయన వచ్చాడు. అంగడిలో పాట మోగుతోంది. ఆయన చార్జరు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది మీ యింటి పాట గదప్పా? మీ వాకిట్లో యిన్యాను నేను. పేరు మారిందే?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. జవాబు ముందే సిద్ధం చేసుకోలేదు.

"కాదు," అన్నాను. "వేముల వాళ్లది. పాడినోళ్లలో నేనుండా."

"నువ్వా? పాడినావా?" ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏదప్పా నీ గొంతు?"

పాట వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. "అదో, ముందు అందుకుండేది," అన్నాను. వెనకబడి వచ్చేది పెండ్లిమర్రాయనదని కూడా చెప్పాను. చార్జరాయన అదేమీ అడగలేదు.